కమల మంచం పక్కన ఉన్నవాళ్లు

ఇంట్లో ఒకరు మంచం పడితే, చూడటానికి వచ్చినవాళ్లందరూ రోగిని పలకరిస్తారు. పక్కన మందు గ్లాసు పట్టుకుని నిలబడ్డ మనిషిని ఎవరూ అడగరు. కమలా నెహ్రూ జబ్బు గురించి చదివినప్పుడల్లా నా చూపు ఆ పక్కవాళ్ల మీదికే పోతుంది.

డబ్బుకు లోటులేని ఇల్లు. అయినా ఏళ్ల తరబడి క్షయ ఆ ఇంటిని వదల్లేదు. అప్పటికి దానికి సరైన మందే లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నది 1943లో. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, ఇదే వైద్యం. అందుకే 1926లో కమలను స్విట్జర్లాండ్ తీసుకెళ్లారు. ఇందిరకప్పుడు ఎనిమిదేళ్లు.

1934 ఆగస్టులో జబ్బు ముదిరింది. జైల్లో ఉన్న జవహర్‌లాల్‌ను 11 రోజులు వదిలి మళ్లీ లోపల పెట్టారు. శిక్షాకాలం పూర్తయ్యేదాకా రాజకీయాల జోలికి పోనని మాటిస్తే విడిచిపెడతామని కబురు కూడా అందింది. భార్య మంచం మీద, మాట నాలుక చివర! ఏ భర్తయినా ఊగిపోడూ? ఒళ్లు కాలిపోతున్న కమలే ఆయన్ని వంగమని సైగ చేసి, ఆ మాట ఇవ్వొద్దని చెవిలో చెప్పారు. తర్వాత ఆమెను భొవాలీ శానిటోరియంలో చేర్చారు, ఆయన్ని అల్మోరా జైలుకి మార్చారు. ఎప్పుడో ఒకసారి చూడనిచ్చేవారు.

1935లో వైద్యం కోసం కమల యూరప్ వెళ్తుంటే, శాంతినికేతన్‌లో చదువు ఆపేసి పదిహేడేళ్ల ఇందిర తల్లి వెంట వెళ్లింది. సెప్టెంబరు 4న విడుదలైన జవహర్‌లాల్ విమానంలో జర్మనీలోని బాడెన్‌వైలర్ చేరారు. ఇంతలో కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. వెళ్తే భార్య, ఉంటే దేశం. వెళ్లమని కమలే అన్నారు. 1936 ఫిబ్రవరి 28కి టికెట్ తీసుకున్నాక, కొన్నాళ్లు ఆగమని డాక్టరు చెప్పారు. సరిగ్గా ఆ 28 తెల్లవారుజామునే, లోజాన్‌లో ఆమె కన్నుమూశారు.

దీర్ఘరోగం ఇంటివాళ్లకు చేసేది ఇదేననిపిస్తుంది. ఎక్కడున్నా, ఇంకోచోట ఉండాల్సిందన్న బాధ. వంటింట్లో ఉంటే ఆసుపత్రి, ఆసుపత్రిలో ఉంటే పిల్లల పరీక్షలు. ఎంత చేసినా చాల్లేదనే అనిపిస్తుంది. అది మన చేతకానితనం కాదమ్మా, ఆ జబ్బు లక్షణమే.

అస్థికలతో తిరిగొస్తూ జవహర్‌లాల్ బాగ్దాద్ నుంచి లండన్‌లోని ప్రచురణకర్తకు తంతి పంపారు, తన ఆత్మకథను ఇక లేని కమలకు అంకితమివ్వమని. అన్నాళ్లు మోసిన మనిషి ఆఖరికి చెప్పుకోగలిగింది ఆ ఒక్క ముక్కే.