పట్టీ వెడల్పు

రక్తపుపోటు యంత్రపు చరిత్రలో నన్ను మిక్కిలి ఆకర్షించినది చేతికి చుట్టే పట్టీ కథ. 1896లో ఇటలీ వైద్యుడు రివా-రోచ్చి ఆ పట్టీలో గాలి నింపి, నాడి అందకుండా పోయేవరకు బిగించి, పాదరసపు ఎత్తును లెక్కించినాడు. పద్ధతి సులువే, కాని పట్టీ వెడల్పు సుమారు 5 సెంటీమీటర్లే. ఇరుకు పట్టీతో ధమనిని నొక్కడానికి అధిక ఒత్తిడి కావలసివచ్చి, లేని పోటు ఉన్నట్లు కనబడేది. 1901లో జర్మనీ వైద్యుడు రెక్లింగ్‌హౌజన్ ఈ దోషాన్ని గుర్తించి, వెడల్పైన పట్టీని సూచించినాడు. 1905లో రష్యా వైద్యుడు కొరోట్కోవ్ స్టెతస్కోపుతో ధమని చప్పుళ్ళు విని, పై అంకెతోపాటు కింది అంకెనూ పట్టుకొనే మార్గం చూపినాడు.

గణం తప్పితే పద్యం చెడుతుంది. ఈ కొలత తప్పితే అక్కరలేని మందు మింగవలసివస్తుంది. లావుపాటి చేతికి ఇరుకు పట్టీ చుడితే నేటికీ అంకె పెరుగుతుంది. మిత్రులారా, అంకెను నమ్మే ముందు పట్టీని ఒకమారు చూచుకొనండి.