నరసాపురం లేసు

పాలగ్లాసుపై కప్పే పూసల మూత, భోజనబల్లపై పరిచే గుడ్డ, పళ్ళెం కింద వేసే గుండ్రని అల్లిక – నూలుదారపు ఈ చిన్న వస్తువులు మనలో చాలా ఇళ్ళలో వుంటాయి. వీటి చరిత్ర తెలియాలంటే పశ్చిమ గోదావరి జిల్లాలో, భీమవరం మీదుగా పోయే రైలుదారి చివర వున్న నరసాపురం వెళ్ళాలి.

ఈ విద్య మన దేశంలో పుట్టినది కాదు. 19వ శతాబ్దంలో పాశ్చాత్య క్రైస్తవ మిషనరీలు గోదావరి డెల్టాలోని పేద స్త్రీలకు దీనిని నేర్పారు. స్వెట్టరు అల్లటానికి రెండు సూదులు కావాలి. దీనికి కొన వంగిన సూది ఒక్కటి చాలు. మగ్గం అక్కరలేదు, షెడ్డు అక్కరలేదు. అందుచేత ఈ పని ఇంటి అరుగుల మీదనే పెరిగింది. ఒకామె పువ్వులు అల్లితే మరొకామె వాటిని అతికేది. వర్తకుల మనుషులు దారం ఇచ్చి, తయారైన సరుకు తీసుకుపోయేవారు. అది విదేశాలకు ఎగుమతి అయ్యేది.

ఇంట్లో కూర్చుని చేయుటవల్ల దీనిని తీరిక వేళల కాలక్షేపమన్నారు. కూలీ కూడా ఆ లెక్కనే దక్కింది. వంటావార్పుతోపాటు రోజూ గంటల తరబడి సాగే కష్టమిదని జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో ఒక గ్రంథమే వ్రాశారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఊరి పేరుకు గౌరవం దక్కినది, సంతోషమే. అల్లిన చేతులకు తగిన కూలి కూడా దక్కాలి.

సోదరీ సోదరులారా! ఈ కొత్త సంవత్సరంలో లేసు గుడ్డ కొనేటప్పుడు, బేరమాడే ముందు, అందులో ఎన్ని గంటల పని వున్నదో ఒక్కసారి లెక్క వేద్దాం.