ఆత్మగౌరవ వాదము – తెలుగుదేశ పక్షము

ఏ రాజకీయ పక్షమును ఒక్క దినమున పుట్టదు. ప్రకటించిన తేదీ దాని జన్మదినముగా లెక్కకు వచ్చును గాని, దానికి మూలమైన కోరిక అంతకు ఎన్నో యేండ్లకు పూర్వమే ప్రజల మనస్సులలో మెదలుచుండును. 1982 మార్చి 29వ తేదీన హైదరాబాదులో శ్రీ నందమూరి తారక రామారావుగారు తెలుగుదేశ పక్షమును స్థాపించిరి. పది మాసములైనను నిండక మునుపే, 1983 జనవరిలో జరిగిన ఎన్నికలలో శాసనసభ యందలి 294 స్థానములకు గాను రెండువందలకు పైగా గెలిచి ఆ పక్షము అధికారమునకు వచ్చినది. ఇది కేవలము చలనచిత్ర నటుని ఆకర్షణ యని అప్పుడు కొందరు తేల్చివేసిరి. నటుని చూచుటకు జనము మూగుదురనుట నిజమే. చూడవచ్చిన వారెల్లరు వోటు వేయుదురా? ఆ వోటును రాబట్టిన మాట ‘ఆత్మగౌరవము’. ఆ మాట యెచ్చటనుండి వచ్చినది, అధికారము చేతికందిన పిమ్మట ఏమైనది అనునవి విచారించుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశము.

తెలుగువారి ఐక్యతకు తొలి ప్రతిష్ఠ భాషలో జరిగినది. పదుమూడవ శతాబ్దమున మన నెల్లూరి మనుమసిద్ధి కొలువున మంత్రియై యుండిన తిక్కన సోమయాజి భారతమున విరాటపర్వము మొదలు పదునైదు పర్వములను తెనిగించెను. రాజ్యములు వేరైనను అన్ని సీమల తెలుగువారును చదువుకొను కావ్యము అట్లు ఏర్పడినది. ఆ భాషైక్యమును రాజకీయైక్యముగా మార్పవలెనను యత్నము 1913లో బాపట్ల యందు జరిగిన ఆంధ్ర మహాసభతో ఆరంభమయ్యెను. మరుసటి యేట, 1914లో, బెజవాడ యందు మహాసభ రెండవ సమావేశమును, ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమమునకు అంకురార్పణ చేసిన సభయు జరిగినవి. రాష్ట్రము కోరిన తరమువారే గ్రంథాలయమును కోరిరనుట ఈ సంచిక చదువువారు మరువరాని విషయము.

తరువాతి కథ మన జిల్లావారికి కంఠస్థమే. శ్రీ పొట్టి శ్రీరాములుగారు 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి ఆలయమున హరిజనులకు ప్రవేశము కల్పింపవలెనని నిరశన వ్రతము పట్టిరి. 1952 అక్టోబరు 19న మదరాసులో శ్రీ బులుసు సాంబమూర్తిగారి గృహమున ఆంధ్ర రాష్ట్రము కొరకు దీక్ష పూని, 58 దినములు ఉపవసించి, డిసెంబరు 15న అమరులైరి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమేర్పడినది. ఈ రెండు దీక్షలను విడివిడిగ చూచుట మనకు అలవాటైనది. తెలుగుజాతికి గౌరవము కోరిన ఆ మహనీయుడే, అంతకు మునుపు ఆ జాతిలోని అట్టడుగు మనుష్యునికి గుడివాకిట గౌరవము కోరెను. వెలుపలివారినుండి గౌరవము కోరువాడు లోపలివారికి దానిని ముందుగ ఇయ్యవలెననుట ఆయన జీవితము చెప్పిన పాఠము. తెలుగుదేశ పక్షమును తూచవలసిన తూనికరాయి ఇదియే.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశము ఏర్పడిన పిమ్మట ఐక్యత సుఖముగ సాగలేదు. 1969లో తెలంగాణమునను, 1972లో కోస్తా, రాయలసీమలయందును వేర్పాటు ఉద్యమములు చెలరేగినవి. 1978 ఎన్నికలు మొదలు 1983 ఎన్నికల వరకు నలుగురు ముఖ్యమంత్రులు మారిరి. వారు మారినది శాసనసభ్యుల అభిమతముచేత కాదు, ఢిల్లీ యాజ్ఞచేత. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయమున ముఖ్యమంత్రి శ్రీ అంజయ్యగారికి శ్రీ రాజీవ్ గాంధీ వలన జరిగిన అవమానము ప్రజల మనస్సులను నొప్పించెను. ఎండుగడ్డి పేరియుండగా నిప్పు రవ్వ పడినట్లయ్యెను. రామారావుగారు ‘చైతన్య రథ’మెక్కి ఊరూర తిరిగి చెప్పినది ఈ నొప్పిని గూర్చియే.

1984 ఆగస్టు 16న గవర్నరు ఆయనను పదవినుండి తొలగించి శ్రీ నాదెండ్ల భాస్కరరావుగారిని నియమించిరి. ప్రజలు వీథులకెక్కిరి. నెల దినములలో, సెప్టెంబరు 16న, రామారావుగారు మరల ముఖ్యమంత్రియైరి. ఆ సంవత్సరాంతమున జరిగిన లోకసభ ఎన్నికలలో దేశమంతట కాంగ్రెసు గాలి వీచినను తెలుగుదేశము 30 స్థానములు గెలిచి, లోకసభలో ప్రధాన ప్రతిపక్షమై నిలిచినది. ఒక ప్రాంతీయ పక్షమునకు ఆ స్థానము దక్కుట అదే ప్రథమము.

ఇంతవరకు ఢిల్లీతో జరిగిన కలహము. ఇక ఊరి సంగతి చూతము. కిలో బియ్యము రెండు రూపాయలకిచ్చుట పేదవాని పొయ్యి వెలిగించినది. 1985లో తాలూకాలు, ఫిర్కాలు పోయి మండలములు వచ్చినవి. కచ్చేరీ పనికై రైతు నడువవలసిన దూరము తగ్గినది. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కొడుకుతో సమానముగ కుమార్తెకు భాగము కల్పించుచు 1986లో చట్టము చేయబడినది. అదే న్యాయమును దేశమంతటికి అన్వయించుటకు పార్లమెంటునకు 2005 వరకు పట్టినది. పట్టా పుస్తకమున ఆడుబిడ్డ పేరు ఎక్కుటకన్న పెద్ద ఆత్మగౌరవమేమి కలదు?

1984 జనవరిలో ఆర్డినెన్సుచేత మునసబు, కరణము మున్నగు గ్రామోద్యోగములు రద్దు చేయబడినవి. ఈ వ్యాసకర్త గ్రామపు లెక్కలు వ్రాయువాడు గనుక ఇచ్చట మరింత జాగ్రత్తతో మాటాడవలెను. తరతరములుగ లెక్క వ్రాసిన కుటుంబములకు అది పిడుగుపాటే. సర్వే రాళ్ళు, పొరంబోకులు, చెరువు కట్టలు, కాలువ హద్దులు నోటికి వచ్చిన వారొక్కసారిగ తప్పుకొనగా భూముల లెక్కలు చిక్కువడినవి. తరువాత గ్రామ పరిపాలనాధికారులను, ఆపై గ్రామ రెవెన్యూ అధికారులను నియమింపవలసి వచ్చినది. ఇది ఖర్చు వైపు వ్రాయదగిన పద్దు. అయితే జమ వైపు పద్దును దాచరాదు. అడంగలు ఒక ఇంటి గూటిలో నున్నంత కాలము, ఆ ఇంటి అరుగు క్రింద నిలువబడి చేతులు కట్టుకొనిన వానికి తన భూమి తనదేనన్న ధైర్యము లేకుండెను. వంశమునుబట్టి ఉద్యోగ మిచ్చుట రాజ్యాంగమునకు విరుద్ధమని అంతకు రెండు దశాబ్దములకు పూర్వమే సుప్రీంకోర్టు చెప్పియుండెను. రద్దును సైతము అదే న్యాయస్థానము 1985లో సమర్థించినది. మార్పు న్యాయమైనది, దానిని జరిపిన తొందర న్యాయమైనది కాదు. ఇది నా తీర్పు.

మన సీమకు ఈ పక్షముతో మరి రెండు బంధములు కలవు. మొదటిది తెలుగుగంగ. 1953లో మదరాసు నగరము మనకు దక్కలేదను బాధ ఆంధ్రులకు చిరకాలముండెను. తెలుగు ఆత్మగౌరవమును చాటిన ప్రభుత్వమే 1983లో తమిళనాడుతో ఒడంబడిక చేసికొని, కృష్ణా జలములను ఆ నగరపు దాహమునకు పంప నొప్పుకొనెను. శ్రీశైలమునుండి బయలుదేరిన నీరు మన సోమశిల, కండలేరు జలాశయములమీదుగ సాగి 1996లో పూండి చేరినది. దారిలో రాయలసీమకును మన జిల్లాకును సాగునీరు లభించినది. స్వభాషాభిమానము పరభాషాద్వేషము కానక్కరలేదనుటకు ఇంతకన్న నిదర్శనమేల?

రెండవది సారా వ్యతిరేకోద్యమము. సర్కారే సారాను ఊరూర చేరవేసిన ‘వారుణి వాహిని’ పద్ధతి 1980లలో ఈ పక్షపు ఏలుబడిలో వచ్చినదే. బియ్యముతో నిండిన కడుపు సారాతో మండినది. 1991లో మన జిల్లాయందు అక్షరాస్యతోద్యమము సాగగా, రాత్రి బడిలో అక్షరములు దిద్దిన స్త్రీలు తమ పాఠములోని కథను తమ ఇంటి కథతో పోల్చుకొనిరి. 1992 నాటికి దూబగుంట పేరు దేశమంతట మారుమ్రోగినది. 1993లో కాంగ్రెసు ప్రభుత్వము సారాను మొదట మన జిల్లాలోను, పిమ్మట రాష్ట్రమంతటను నిషేధించినది. 1994 ఎన్నికలలో రామారావుగారు సంపూర్ణ మద్యనిషేధము వాగ్దానము చేసి ఘనవిజయము పొంది, దానిని అమలు జరిపిరి. 1997లో ఆ నిషేధము సడలింపబడినది. అప్పటికి ఆయన లేరు. 1995లో పక్షమున చీలిక వచ్చి శ్రీ నారా చంద్రబాబునాయుడుగారు ముఖ్యమంత్రియైరి. 1996 జనవరి 18న రామారావుగారు దివంగతులైరి.

పిదప కాలము చాల మార్పులు తెచ్చినది. 2001లో పుట్టిన తెలంగాణ రాష్ట్ర సమితి అదే ఆత్మగౌరవమను మాటను తమ ప్రాంతమునకై పలికినది. 2014 జూన్ 2న తెలంగాణము వేరు రాష్ట్రమైనది. ‘మనము’ అను మాటకు హద్దు ఎచ్చట వేయవలెనో భాష యొక్కటియే నిర్ణయింపజాలదని దీనివలన తేలుచున్నది. మన జిల్లాయందు 2019లో పది శాసనసభా స్థానములలో ఒక్కటియు గెలువజాలని తెలుగుదేశము 2024లో పదింటిని గెలిచినది. ప్రజలు ఏ పక్షమునకును శాశ్వత పట్టా వ్రాసి ఇయ్యలేదు.

కావున ఆత్మగౌరవము ఒక పక్షపు సొత్తు కాదు. ఢిల్లీ ముందు తల యెత్తుట అందులో సగము. ఊరిలో తల వంచుకొన్నవానిని ఎత్తించుట తక్కిన సగము. మొదటి సగమునకు సభలు, రథములు చాలును. రెండవ సగమునకు చదువు కావలెను. దూబగుంట స్త్రీలకు వాచకము చేసిన మేలు అట్టిది. ఇరువదియైదు వత్సరములుగ ఈ పల్లెలో దీపము పెట్టి తలుపు తెరచియుంచిన మన గ్రంథాలయము ఆ పనియే చేయుచున్నది. అది నిరంతరాయముగ సాగి శతవార్షికోత్సవము జరుపుకొనుగాక!