టేపుతో కొలిచిన ఆట

బెంగళూరు కంఠీరవ ఇండోర్ స్టేడియంలో 2017 జులైలో భారత మహిళల బాస్కెట్‌బాల్ జట్టు కజకిస్తాన్‌ను 75-73తో ఓడించి ఆసియా కప్ డివిజన్ బి గెలిచింది, పై మెట్టెక్కింది. రెండేళ్లకు, 2019 సెప్టెంబరులో, అదే ఊళ్లో డివిజన్ ఎ మ్యాచ్‌లన్నీ ఓడి ఎనిమిది జట్లలో ఎనిమిదోదిగా మిగిలింది. ఆ కప్పు జపాన్‌ది. ఫైనల్లో తమకన్నా బాగా పొడుగైన చైనాను 71-68తో ఓడించారు. కాళ్లలో వేగం, దూరం నుంచి గురి వాళ్ల బలం. ఈ రెంటినీ టేపు పెట్టి కొలవలేం. మనం మాత్రం కుర్ర ఆటగాణ్ణి ఎంచేటప్పుడు మొదట తీసేది టేపే.

ఆ అలవాటు ఊరికే రాలేదు. హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో స్థాపించిన వైఎంసీఏ వ్యాయామ కళాశాలలో చదివిన డ్రిల్లు మాస్టార్లు బాస్కెట్‌బాల్‌ను దక్షిణాది బడులకు మోసుకెళ్లారు. పురుషుల జాతీయ పోటీలు 1934లో మొదలయ్యాయి. ఆ కాలపు ఆటలో ఎంత దూరం నుంచి వేసినా గోలుకు రెండే పాయింట్లు. బుట్ట దగ్గర నిలబడి చెయ్యెత్తగలవాడిదే రాజ్యం. పొడుగు పిల్లాణ్ణి వెతికిన మాస్టారిది ఆనాటికి సరైన లెక్కే. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో మన పురుషుల జట్టు ఏడు మ్యాచ్‌లూ ఓడి పన్నెండో స్థానంలో, అంటే చిట్టచివర నిలిచింది. అప్పటికీ అంతర్జాతీయ ఆటలో మూడు పాయింట్ల గీత లేదు.

తర్వాత నిబంధనలు మారాయి. 1984లో అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా మూడు పాయింట్ల గీత తెచ్చింది, 2010లో దాన్ని 6.25 మీటర్ల నుంచి 6.75కు జరిపింది. షాట్ వేయడానికి జట్టుకిచ్చే గడువు 2000లో 30 సెకన్ల నుంచి 24కు తగ్గింది. నిన్నటి బలం ఇవాళ బరువైంది. నింపాదిగా వచ్చి బుట్ట కింద నిలబడే సెంటర్, ఇప్పుడు గీత దాకా పరిగెత్తుకొచ్చి షూటర్‌కు అడ్డుపడాలి.

మన ఎంపిక పద్ధతిలో ఆ మార్పు కనిపించడానికి చాలా కాలం పట్టింది. కారణం కొంత ఉద్యోగాల్లో ఉందని నా అనుమానం. ప్రొఫెషనల్ లీగు లేని రోజుల్లో ఆటగాడికి అన్నం పెట్టింది రైల్వేలు, బ్యాంకులు. బెంగళూరులో ఆ పని చేసింది విజయా బ్యాంకు. 2019 ఏప్రిల్ 1న అది బ్యాంక్ ఆఫ్ బరోడాలో కలిసిపోయింది. ఇరవై ఏళ్ల కుర్రాడికి జీవితకాలపు ఉద్యోగం ఇచ్చే సంస్థ, ఈ ఏడాది ట్రోఫీకి పనికొస్తాడా లేదా అని చూస్తుంది. ఎడమచేతి డ్రిబ్లింగ్ ఐదేళ్లలో బాగుపడుతుందా అన్నది దానికి పట్టదు, పట్టాల్సిన పనీ లేదు. తప్పు బ్యాంకుది కాదు. వేరే కొలత పెట్టేవాళ్లు లేకపోవడమే లోటు.

ఆ కొలత బయటినుంచి వచ్చింది. ఏడడుగుల రెండంగుళాల సత్నామ్ సింగ్ 2010లో పంజాబ్ నుంచి అమెరికాలోని ఐఎంజీ అకాడమీకి వెళ్లాడు. 2015 జూన్‌లో అమెరికా ప్రొఫెషనల్ లీగు ఎన్‌బీఏ డ్రాఫ్టులో డాలస్ మావెరిక్స్ జట్టు అతణ్ణి 52వ ఎంపికగా తీసుకుంది. సరిగ్గా అదే నెలలో గోల్డెన్ స్టేట్ వారియర్స్ తమ ఏడడుగుల సెంటర్ ఆండ్రూ బోగట్‌ను బెంచీ మీద కూర్చోబెట్టి, పొట్టి జట్టుతో ఎన్‌బీఏ ఛాంపియన్లయ్యారు. పాపం, సత్నామ్ పొడుగుకు గిరాకీ తగ్గుతున్న వేళకు చేరుకున్నాడు. పక్కలకు కదలడంలో అతని నిదానం ముందునుంచీ తెలిసిందే. కొత్త ఆటలో దాన్ని దాచే చోటు లేకపోయింది. ఎన్‌బీఏ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు.

ఆ తర్వాతివాడు ప్రిన్స్‌పాల్ సింగ్. 2017లో గ్రేటర్ నోయిడాలో మొదలైన ఎన్‌బీఏ అకాడమీ నుంచి ఆస్ట్రేలియాకు, అక్కణ్ణుంచి 2020లో ఎన్‌బీఏ అనుబంధ జీ లీగ్‌లోని ఇగ్నైట్ జట్టుకు వెళ్లాడు. బెంగళూరు అమ్మాయి సంజనా రమేష్ కూడా ఎన్‌బీఏ శిక్షణ శిబిరాల మీదుగానే నార్తర్న్ అరిజోనా విశ్వవిద్యాలయం జట్టుకు చేరింది.

ఇప్పటి స్కౌట్లు చూసేవి వేరు: బంతి లేనప్పుడు ఎక్కడ నిలబడుతున్నాడు, ఇద్దరు చుట్టుముడితే పాస్ ఎవరికిస్తున్నాడు, అలసిపోయాక ఫ్రీ త్రో ఎలా వేస్తున్నాడు. ఇవి ఒక పూట సెలెక్షన్స్‌లో తేలవు. ఎన్‌బీఏ జట్టు ఒక్క సీజన్లో 82 లీగ్ మ్యాచ్‌లు ఆడుతుంది. మన కుర్రాడికి గట్టి పోటీ దొరికేది జాతీయ పోటీలున్న కొద్ది రోజులే. అందుకే మనవాళ్ల గురించి రాసే బలహీనతల్లో సగం ఆటగాడివి కావు, క్యాలెండర్‌వి. 2015లో బెంగళూరు బీస్ట్, హైదరాబాద్ స్కై వంటి జట్లతో మొదలైన యూబీఏ లీగ్ మూడేళ్లు తిరక్కుండానే ఆగిపోయింది. 2025లో ఐఎన్‌బీఎల్ (ఇండియన్ నేషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) పాతికేళ్ల లోపువారికి ప్రో లీగ్ పెట్టింది, అందులో హైదరాబాద్ ఫాల్కన్స్ కూడా ఉంది. అది వరసగా నాలుగైదేళ్లు నడిస్తే, ఫలానా కుర్రాడికి ఎడమచేతి ఆట లేదని రాసేవాళ్లు ఆ మాట ఎన్ని మ్యాచ్‌లు చూసి రాశారో కూడా చెప్పవచ్చు.