ఉమ్మడి కౌలు, విడివిడి వంతులు

కలిసి తీసుకున్న చోటుకు ఒకరు డబ్బు కట్టడం మానేస్తే ఆ లోటు ఎవరు పూడ్చాలి? జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతంలో ఈ తగవు అద్దె గదులతో పుట్టింది కాదు. అంతకు ముందే అది పొలం శిస్తు మీద నడిచింది. కంపెనీ పాలన తొలినాళ్లలో కృష్ణా, గుంటూరు వైపు పలు గ్రామాలకు శిస్తును మొత్తంగా నిర్ణయించేవారు. అందులో ఎవరి వంతు ఎంతో రైతులే తేల్చుకునేవారు. వీసాల లెక్కన, అంటే పదహారో వంతుల లెక్కన సాగే ఆ పంపకాన్ని వీసబడి అన్నారు.

వీసబడి నలుగురి ముందు తేలే వ్యవహారం. తన మీద ఎక్కువ, పక్కవాడి మీద తక్కువ పడిందనుకున్న రైతు ఆ మాట బయటపెట్టి, పక్కవాడి పొలాన్ని పెంచిన శిస్తుకు తానే తీసుకుంటానని పోటీకి దిగవచ్చు. అప్పుడు పక్కవాడు పెరిగిన శిస్తుకు ఒప్పుకోవాలి, లేదా పొలం వదులుకోవాలి. ఈ పద్ధతిలో బలవంతుడు బలహీనుణ్ణి పొలం నుంచి వెళ్లగొట్టే వీలుందన్నది నిజమే. అయినా తర్వాత వచ్చిన చట్టాల్లో కనబడని మేలు ఒకటి ఇందులో ఉంది. బాకీ పడకముందే ఎవరి వంతు ఎంతో ఊరందరికీ తెలిసేది.

1802లో శాశ్వత శిస్తు విధానం వచ్చాక జమీందారు ప్రభుత్వానికి ఏటా పేష్కష్ కట్టాలి, తప్పితే ఎస్టేటు వేలానికి వస్తుంది. ఈ ప్రాంతం వాసిరెడ్డి వారి జమీ. బేతవోలును పట్టణంగా పెంచి తండ్రి జగ్గయ్య పేరు పెట్టిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1816లో చనిపోయాడు. ఆయన దత్తు తీసుకున్న జగన్నాథబాబు, రామనాథబాబుల మధ్య వారసత్వపు దావా మొదలైంది. లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ 1846లో తేల్చేదాకా అది తెమలలేదు. రంగమ్మ, అచ్చమ్మల పేర్లతో న్యాయశాస్త్ర గ్రంథాలకెక్కిన ఆ తీర్పు ప్రకారం, ఒక దత్తపుత్రుడు బతికుండగా మరొకరిని దత్తు తీసుకోవడం చెల్లదు. ఆస్తి ఎవరిదో కోర్టు తేల్చేదాకా పేష్కష్ ఆగదు కదా. 1832-33 నాటి నందన కరువు గుంటూరు సీమను ఊడ్చేసింది. బకాయిలు కొండలా పెరిగి, 1840లలో ఆ జమీ ప్రభుత్వపరమైంది.

1859లో మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను కలిపి కృష్ణా జిల్లాను ఏర్పాటు చేశారు. తర్వాతి రైత్వారీ బందోబస్తుతో శిస్తుకు ఊరంతా ఉమ్మడిగా పూచీపడే పద్ధతి పోయి, పట్టాదారు నేరుగా సర్కారుకు జవాబుదారీ అయ్యాడు. అయితే అన్నదమ్ములు, పాలివాళ్లు కలిసి పట్టుకున్న ఉమ్మడి పట్టాలు మిగిలాయి. వాటిలో ఒకరు కట్టకపోతే జప్తు భయం అందరిదీ.

తగవుకు నేటికీ ఆధారమైన సూత్రం 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 43వ సెక్షన్. కలిసి మాట ఇచ్చినవాళ్లలో ఎవరి దగ్గరైనా మొత్తం రాబట్టుకోవచ్చు. కట్టినవాడు మిగతావాళ్ల నుంచి వారి వంతులు వసూలు చేసుకోవచ్చు. వేరే ఒప్పందం లేకపోతే వంతులన్నీ సమానం. చట్టమే లెక్క వేసి చూపుతుంది. ముగ్గురు కలిసి 3,000 రూపాయలు ఇస్తామన్నారు. ఒకడి చేత మొత్తం కట్టించారు. రెండోవాడు దివాలా తీశాడు, అతని ఆస్తి అప్పుల్లో సగానికే సరిపోతుంది. కట్టినవాడికి ఆ దివాలాదారు ఆస్తి నుంచి 500, మూడోవాడి నుంచి 1,250 వస్తాయి. అంటే రాని 500 రూపాయల నష్టాన్ని చేతిలో డబ్బున్న ఇద్దరూ చెరి సగం మోయాలి. 44వ సెక్షన్ ప్రకారం ఆ డబ్బు రావలసినవాడు ఒకరిని వదిలేసినా, తోటివాళ్లకు ఆ వ్యక్తి పడ్డ బాధ్యత తీరదు.

పొలం కౌలు చాలావరకు నోటి మాట మీదే నడుస్తుంది. ఇద్దరు ముగ్గురు పొత్తున పత్తికో మిరపకో పొలం పట్టినప్పుడు ఎవరు ఎంత పెట్టారన్నది కాగితం మీదికి ఎక్కదు. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలలకు కార్డు ఇస్తుంది గానీ, అది రైతుకూ భూ యజమానికీ నడుమ కాగితం. పొత్తుదారులు తమలో తాము పెట్టుకున్న లెక్క అందులో ఉండదు.

జయంతిపురంలో సిమెంటు ఫ్యాక్టరీ వచ్చిన 1980ల తర్వాత, హైదరాబాద్–విజయవాడ రహదారి పక్కన ఉద్యోగులకు గదుల అవసరం పెరిగింది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయాలి. అందుకే అద్దె కాగితాలు 11 నెలలకే రాసుకోవడం అలవాటైంది. అందరూ సంతకం పెట్టిన కాగితమైతే ఇంటి యజమాని పని తేలిక. ఉమ్మడి అద్దెదారుల్లో ఒకరికి నోటీసు ఇస్తే చాలునని సుప్రీంకోర్టు 1962లో కాంజీ మాంజీ కేసులో చెప్పింది. ఖాళీ చేసి వెళ్లిన స్నేహితుడి వంతు కట్టినవాడే ఇబ్బందిలో పడతాడు. వంతులు సమానమని ఎదుటివాడు, పెద్ద గది తీసుకున్నవాడిదే ఎక్కువని ఇతను వాదిస్తారు. మధ్యలో చేరిన నాలుగోవాడి సంతకం లీజు మీద ఉండదు, కాబట్టి ఇంటి యజమానికి అతను జవాబుదారీ కాడు. అతని మీద తగవు మిగతావాళ్లతో కుదుర్చుకున్న మాట వరకే. రుజువుగా బ్యాంకు ఖాతా లెక్క, ఫోన్‌లో పంపిన డబ్బు రసీదు, వాట్సాప్ సందేశాలు కోర్టు ముందుకు వస్తాయి.

కట్టినవాడు తోటివాళ్ల మీద వంతు కోసం వేసే దావాకు గడువు సాధారణంగా మూడేళ్లు. 1963 నాటి లిమిటేషన్ చట్టం ఉమ్మడి ఆస్తి శిస్తును కట్టిన వాటాదారును పేరు పెట్టి ప్రస్తావిస్తూ, తన వంతుకు మించి చెల్లించిన రోజు నుంచి ఆ మూడేళ్లు లెక్కిస్తుంది.