మూల గుంజకు ఊతం

ముళ్ళతీగకు పేటెంటు ఉంది, తేదీ ఉంది, కనిపెట్టినవాడి పేరూ ఉంది. ఆ తీగ లాగుడంతా మోసే మూల గుంజను మాత్రం ఎవరూ తలచుకోరు. నాకది అన్యాయంగానే తోస్తుంది.

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో డికాల్బ్ అనే ఊరుంది. చుట్టూ గడ్డి మైదానాలు, కంచెకు కలప కరువు. ఓసేజ్ ఆరెంజ్ అనే ముళ్ళచెట్టును దడిగా పెంచితే ఎదగడానికి ఏళ్ళు పట్టేది. నున్నటి తీగ కడితే పశువులు ఒళ్ళు రుద్దుకుని వదులు చేసేవి. 1873లో అక్కడి వ్యవసాయ ప్రదర్శనకు హెన్రీ రోజ్ అనే రైతు మేకులు దిగ్గొట్టిన కొయ్య బద్దెను తెచ్చాడు. అది చూసిన జోసెఫ్ గ్లిడెన్ ఇంటికెళ్ళి, కాఫీ గింజల మరను మార్చి దానితో ముళ్ళు వంచాడు. ముల్లు పక్కకు జారకుండా రెండు తీగలను పురిపెట్టి బిగించాడు. 1874 నవంబరు 24న పేటెంటు వచ్చింది.

తీగ చవకైంది, కంచెలు మైళ్ళ కొద్దీ సాగాయి. అప్పుడు మొదలైంది గుంజలకు పరీక్ష. బిగించిన తీగ ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుని గట్టిగా లాగుతుంది. నడిమి గుంజలు తీగను ఎత్తిపట్టుకుంటే చాలు. లాగుడంతా చివరి గుంజ మీదే పడుతుంది. మూలలోనైతే రెండు దిక్కుల నుంచీ లాగి, గుంజను లోపలికి వాల్చేస్తుంది. ఒక్క గుంజ ఒరిగితే వరసంతా వదులే.

అందుకే మూల గుంజ పక్కన, కంచె వరసలోనే ఇంకో గుంజ పాతి, రెంటి పైభాగాల మధ్య అడ్డకర్ర బిగిస్తారు. మూల గుంజ మొదలు నుంచి పక్క గుంజ తలకు ఏటవాలుగా రెండు పేటల తీగ చుట్టి, మధ్యలో పుల్ల దూర్చి మెలిపెడతారు. కంచె ఎంత లాగితే అడ్డకర్ర అంత ఎదురు తన్నుతుంది. మెలితీగ పక్క గుంజ తలను ఒరగనివ్వదు.

కలప దొరకని కాన్సస్‌లో రైతులు సున్నపురాతిని చీల్చి గుంజలు చేసుకున్నారు. తెలంగాణ, రాయలసీమ చేలలో కనిపించే నల్లరాతి కడీలకు అవి దూరపు చుట్టాలు. మన దగ్గర అడ్డకర్రకు బదులు, మూల కడీకి రెండు వరసల వైపూ ఏటవాలుగా ఊత కడీలు నిలుపుతారు. వాటి కాలు మట్టిలోకి దిగబడకుండా అడుగున చదునైన బండ ఒకటి పరవాలి. వానాకాలంలో నేల మెత్తబడినా ఊతం జారదు.