నిర్ బార్జిలాయ్ - వృద్ధాప్య పరిశోధన

నిర్ బార్జిలాయ్ (జననం 1955) ఇజ్రాయెల్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన వైద్య శాస్త్రవేత్త. న్యూయార్క్ బ్రాంక్స్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ వైద్య కళాశాలలో వృద్ధాప్య పరిశోధన సంస్థకు సారథి. మధుమేహం, గుండెపోటు, క్యాన్సర్, మతిమరుపు వేటికవే వేరు జబ్బుల్లా కనిపించినా వాటికి పెద్ద కారణం ముసలితనమేననీ, చికిత్స అక్కడే మొదలు కావాలనీ ఆయన వాదన.

హైఫాలోని టెక్నియాన్‌లో వైద్యం చదివి, అమెరికా వెళ్ళి హార్మోన్లు, జీవక్రియలపై శిక్షణ పొందారు. తొలి పరిశోధనలు ఎలుకల మీద. వయసు పైబడిన ఎలుకకు మనిషికిలాగే పొట్ట లోపల కొవ్వు పేరుకుంటుంది, ఇన్సులిన్ పనితీరు మందగిస్తుంది. వయసు వల్లే మందగిస్తోందా, కొవ్వు వల్లా? తేల్చడానికి ఆయన బృందం శస్త్రచికిత్స చేసి ఆ కొవ్వును తీసేసింది. ముదిమిలో రావలసిన ఇన్సులిన్ నిరోధకత రాలేదని 2002లో ప్రకటించారు. అలా కొవ్వు తీసిన ఎలుకలు ఎక్కువకాలం బతికాయని 2008లో తేలింది. అయితే తిండి తగ్గించి పెంచిన ఎలుకలు వాటికంటే ఇంకా చాలాకాలం బతికాయి. పొట్ట కొవ్వు ఆయుష్షును తగ్గించే కారణాల్లో ఒకటి మాత్రమేనన్న మాట. సొంత ఊహకు ఎంత బలముందో అంతే చెప్పడం ఈ పరిశోధనలో మెచ్చుకోదగ్గ గుణం.

ఆయనకు పేరు తెచ్చింది మాత్రం శతాధిక వృద్ధుల అధ్యయనం. 1998లో ఐరోపా మూలాలున్న అష్కెనాజీ యూదు కుటుంబాలతో దీన్ని మొదలుపెట్టారు. కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించిన సమాజం కాబట్టి జన్యువుల్లో తేడాలు పట్టుకోవడం సులువు. అధ్యయనంలో పాల్గొన్నవాళ్ళలో హెలెన్ రైకర్ట్ ఒకరు. దాదాపు జీవితమంతా సిగరెట్లు కాల్చిన ఆమె 109 ఏళ్ళు బతికారు. ఆమె తోబుట్టువులు ముగ్గురూ వందేళ్ళు దాటారు. ఆమె ఒక్కరే కాదు. 95 ఏళ్ళు దాటిన 477 మందిని అడిగి చూస్తే, పొగతాగడంలో, బరువులో, వ్యాయామంలో తోటివాళ్ళ కంటే వాళ్ళు ప్రత్యేకంగా పాటించిందేమీ లేదని 2011లో తేలింది. పొగతాగితే ఏమీ కాదని దీనర్థం కాదు. ఆ కుటుంబాలకు పుట్టుకతో వచ్చిన రక్షణ మిగతావాళ్ళకు లేదు. ఆ రక్షణలో కొంత 2003లోనే బయటపడింది: వీళ్ళ రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే రేణువులు పెద్దవి, అందుకు తోడ్పడే సీఈటీపీ జన్యువు మార్పు వీళ్ళలో ఎక్కువ.

పుట్టుకతో రాని రక్షణను మందుతో ఇవ్వగలమా అన్న ప్రశ్న ఆయన్ను మెట్‌ఫార్మిన్ దగ్గరికి చేర్చింది. గలేగా అనే ఐరోపా మొక్కలోని రసాయనానికి దగ్గరి బంధువైన ఈ మందు మధుమేహ చికిత్సకు పనికొస్తుందని 1957లో చూపినవాడు ఫ్రెంచి వైద్యుడు జాన్ స్టెర్న్. అమెరికా అనుమతి 1994 చివరలో గానీ రాలేదు. మన ఇళ్ళలో షుగరు బిళ్ళ అంటే ఎక్కువగా ఇదే. మెట్‌ఫార్మిన్ వాడే మధుమేహులు అసలు ఆ జబ్బే లేనివాళ్ళ కంటే కొంచెం ఎక్కువకాలం బతికినట్టు 2014లో బ్రిటిష్ వైద్య రికార్డుల విశ్లేషణ ఒకటి చెప్పింది.

మరుసటి ఏడాది బార్జిలాయ్, సహచరులు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎదుట 'టేమ్' అనే ప్రయోగ ప్రతిపాదన ఉంచారు. మధుమేహం లేని, 65 నుంచి 79 ఏళ్ళ వయసున్న సుమారు 3,000 మందిపై ఆరేళ్ళపాటు మందును పరీక్షించి, ముసలితనపు జబ్బులన్నీ కలిపి ఆలస్యమవుతాయేమో చూడాలన్నది పథకం. నెగ్గితే వార్ధక్యాన్నే చికిత్స లక్ష్యంగా గుర్తించే దారి పడుతుంది. కానీ పేటెంటు ఎప్పుడో తీరిపోయిన చవక మందు ఇది. హైదరాబాద్‌లోని గ్రాన్యూల్స్ సహా ఎన్నో కంపెనీలు తయారుచేస్తాయి. లాభం లేనిచోట కంపెనీ డబ్బు రాదు. ఇంత విలువైన ప్రశ్న ఆ కారణంగా ఏళ్ళ తరబడి నిధుల కోసం ఎదురుచూడటం బాధాకరం.

ఈలోగా ఎదురు సాక్ష్యాలూ వచ్చాయి. 2022లో డెన్మార్క్ రికార్డులు పరిశీలించినవారికి బ్రిటిష్ ఫలితం మళ్ళీ కనిపించలేదు. 65 దాటినవాళ్ళ చేత 14 వారాలు బరువులు ఎత్తించిన ప్రయోగంలో, మెట్‌ఫార్మిన్ వేసుకున్నవాళ్ళకు మిగతావాళ్ళకంటే తక్కువ కండ పట్టినట్టు 2019లోనే వెల్లడైంది.